కోలాటం ఆడే కాళ్లకి కంచంలోంచి ఏం అందుతోంది?

పెద్దవాళ్ల నడక ఎలా ఉందో తెలియాలంటే వాళ్లు వీధిలో తిన్నగా నడిచేటప్పుడు చూస్తే లాభం లేదు, మళ్లేటప్పుడు చూడాలి. పొయ్యి దగ్గర్నుంచి సింకు వైపు తిరిగేటప్పుడు, బాత్రూం గడప దాటి తలుపు వేసుకునేటప్పుడు, వెనకనుంచి ఎవరో పిలిస్తే అటు చూసేటప్పుడు. కాళ్లలో సత్తువ ఉన్న మనిషి రెండు మూడు అడుగుల్లో తిరిగేస్తాడు. సత్తువ తగ్గినవాళ్లు చిన్న చిన్న అడుగులు ఆరేడు వేస్తారు, చెయ్యి గోడ కోసం వెతుక్కుంటుంది. పడేది కూడా తరచు ఈ మలుపుల్లోనే.

రోజూ పార్కులో అరగంట నడిచే పెద్దాయన కూడా ఇలా మలుపులో తడబడటం చూసి ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. తిన్నగా నడవడం తిన్నగా నడవడాన్నే నేర్పుతుంది. పక్కకి అడుగు వేయడం, వెనక్కి అడుగు వేయడం, ఒంటికాలి మీద క్షణం ఆగడం, చేతులు వేరే పనిలో ఉండగా కాళ్లని సర్దుకోవడం అందులో ఉండవు. ఇవన్నీ మన కోలాటంలో, చెక్కభజనలో, బతుకమ్మ ఆటలో ఉన్నాయి, పైగా తాళానికి కట్టుబడి ఉన్నాయి. నడక మానేయమని కాదు. నడకకి తోడు వారానికి 3 రోజులు తాళం మీద అడుగు పడాలి, ఆ అడుగుకి సరిపడా పప్పూ పాలూ గుడ్డూ కంచంలో పడాలి. ఈ రెండూ జంటగా నడిస్తేనే పూర్తి ఫలితం.

తాళం సంగతి ముందు. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ అనే సంగీత గురువు వందేళ్ల కిందట ఒక పద్ధతి పెట్టాడు. పియానో లయ మారినప్పుడల్లా ఒళ్లు కూడా దానికి తగ్గట్టు మారాలి. 65 దాటి, పడిపోయే ప్రమాదం ఉన్న 134 మందితో అదే ఊళ్లో ఈ పద్ధతిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. వారానికి ఒక్క గంట చొప్పున 6 నెలలు చేసిన వాళ్లలో పడిపోవడాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పాట వెనకాల మోగుతుంటే వ్యాయామం చేయడం కాదు వాళ్లు చేసింది. లయ మారుతుంది, దాన్ని విని అడుగు మార్చుకోవాలి, చేతిలో ఏదో ఒక పని ఉంటుంది. గురువు కోపు, అంటే అడుగుల వరస, మార్చగానే కోలలు తగిలించే జత మారే మన కోలాటం కూడా ఇదే కదా. టీవీలో భక్తి పాటలు పెట్టుకుని చేతులు ఊపడం మాత్రం దీని కిందకి రాదు.

ఇక కంచం. 1994లో అమెరికాలోని బోస్టన్ నగరంలో వృద్ధాశ్రమంలో ఉన్న 100 మంది మీద ఒక ప్రయోగం జరిగింది. సగటు వయసు 87. కొందరికి కాళ్ల కండరాలకి బరువులతో వ్యాయామం, కొందరికి పోషకాహార పానీయం, కొందరికి రెండూ, మిగిలినవాళ్లకి రెండూ లేవు. 10 వారాల్లో వ్యాయామం చేసిన వాళ్ల కండబలం రెట్టింపు దాటింది, నడక వేగం సుమారు 12 శాతం పెరిగింది. పానీయం మాత్రమే తాగిన వాళ్లకి బలం పెరగలేదు. 'ఒంటికి పడుతుంది' అని డబ్బాపొడి పాలల్లో కలిపి ఇచ్చి మంచం మీదే కూర్చోబెడితే ఏమవుతుందో అప్పుడే తేలిపోయింది. అడుగు వేయించి అన్నం పెట్టకపోవడం దీనికి రెండో వైపు. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది అదే.

లెక్క వేసి చూద్దాం. 55 కిలోల బరువున్న అమ్మమ్మ. పొద్దున్న రెండు ఇడ్లీలు, కొంచెం చట్నీ: మాంసకృత్తులు 5 గ్రాములు. రెండు కాఫీల్లో పాలు: 3. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యంతో అన్నం: 8. నీళ్లలాంటి పప్పు, అంటే 15 గ్రాముల కందిపప్పు: 3. కూర 2, పల్చటి మజ్జిగ 1. రాత్రి 'తేలిగ్గా' ఉప్మా: 5. మొత్తం 27. భారత వైద్య పరిశోధన మండలి కింద హైదరాబాద్ తార్నాకలో పనిచేసే జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములు, అంటే ఈమెకి 46. వయసు పైబడ్డవాళ్లకి కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని ఈ రంగంలోని నిపుణుల బృందాలు చెబుతున్నాయి. అంటే 55 నుంచి 66. అమ్మమ్మకి అందేది అందులో సగం. 'నాకు ఆకలి లేదురా' అనే మాట వెనక ఇంత లోటు ఉంటుంది.

వయసులో ఉన్నవాళ్ల కండ కొద్దిపాటి మాంసకృత్తులకే స్పందిస్తుంది. 65 దాటాక అది మొండికేస్తుంది, ఒక పూటలో తగినంత పడితేగాని కదలదు. కిలోకి 0.4 గ్రాముల లెక్కన ఈమెకి పూటకి 22 గ్రాములు. 5, 14, 5 అని మూడు పూటలా చిలకరిస్తే ఏ పూటా ఆ గీత దాటదు. కనీసం రెండు పూటలు దాని దగ్గరికి రావాలి.

ఇదే వంటింట్లో, పెద్దగా ఖర్చు లేకుండా ఇలా చేయొచ్చు. పొద్దున్న ఇడ్లీ బదులు 60 గ్రాముల పొట్టు పెసలతో పెసరట్లు, 14 గ్రాములు. దాంతో 200 మిల్లీలీటర్ల పాలు, 6. అక్కడికే 20. మధ్యాహ్నం బియ్యం 80 గ్రాములకి తగ్గించి కందిపప్పు 35కి పెంచి గట్టిగా వండితే అన్నంలో 6, పప్పులో 7. ఒక గుడ్డు 6, గట్టి పెరుగు 150 గ్రాములు 4 లేదా 5. మొత్తం 24 వరకు వచ్చింది. గుడ్డు ముట్టనివాళ్లు పెరుగు ఇంకో 100 గ్రాములు వేసుకుని, అన్నంలో రెండు చెంచాల వేరుశెనగ పొడి కలుపుకోవాలి. చేపలు తినేవాళ్లకి 70 గ్రాముల ముక్క చాలు, 13 గ్రాములు దాటుతుంది, ముల్లు తీసిపెట్టే ఓపిక ఇంట్లోవాళ్లకి ఉండాలి. సాయంత్రం తాళం పట్టడానికి గంట ముందు పుట్నాలపొడి 25 గ్రాములు, చిన్న బెల్లం ముక్కతో: 5. రాత్రి 50 గ్రాముల జొన్నపిండితో రొట్టె, గ్లాసు పాలు: 11. కాఫీ కలపకుండానే 60.

నమలడానికి పళ్లు లేవన్న బాధ చాలామందికి ఉంటుంది. పల్లీలు, శనగలు, మాంసం మొదట మానేసేది అందుకే. అందుకే మన పొడులు: పుట్నాల పొడి, నువ్వుల పొడి, కంది పొడి. నమిలే పని లేదు, నెయ్యితో జారిపోతాయి. పొడిపొడిగా నోట్లో వేసుకుంటే మాత్రం పొలమారుతుంది, కాబట్టి అన్నంలోనో మజ్జిగలోనో కలిపే పెట్టాలి. పెసరకట్టు, చిక్కటి సాంబారు, మెత్తగా గిలక్కొట్టిన గుడ్డు కూడా ఇదే కోవ.

రాగిజావ గురించి ఒక మాట. రాగులు మంచివే, 100 గ్రాముల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు ఉంటుంది, బియ్యంలో ఆ ఛాయలే లేవు. కానీ జావకి వాడేది 30 గ్రాములు. అందులో మాంసకృత్తులు రెండు గ్రాములకి కాస్త పైన, అంతే. 'పొద్దున్నే జావ తాగుతున్నాను, బలమే' అనుకుని దాంతోనే టిఫిన్ సరిపెడితే ఎముకకి కొంత దక్కుతుంది, కండకి ఏమీ దక్కదు. జావని నీళ్లతో కాక మజ్జిగతోనో పాలతోనో కాచి, పక్కన గుడ్డో పెసరట్టో పెట్టాలి.

తెలంగాణ బతుకమ్మలో ఈ జంట ఎప్పట్నుంచో ఉంది. చప్పట్లు చరుస్తూ గుండ్రంగా తిరిగిన తరవాత పంచేది నువ్వులు, పల్లీలు, పుట్నాలు బెల్లంతో దంచిన సత్తుపిండి, పెరుగన్నం. అలసిన కండకి అంతకన్నా మంచి ప్రసాదం ఏముంటుంది? చిక్కల్లా ఆ పండుగ తొమ్మిది రోజులే కావడం.

ఇప్పుడు అడుగులు. జాగా 10 అడుగుల చదరం ఉంటే నలుగురైదుగురికి సరిపోతుంది. నున్నటి టైల్స్ మీద సాక్సులతో వద్దు, ఉత్తి కాళ్లు గానీ, మడమకి పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు గానీ. మడమ దగ్గర పట్టీ లేని చెప్పు వెనకడుగులో ఊడిపోతుంది. చీర కుచ్చిళ్లు చీలమండ పైకి ఎత్తి దోపుకోవాలి. ప్రతి మనిషి వెనకా చేతులున్న కుర్చీ ఒకటి, గోడకి ఆనించి.

మొదటి 5 నిమిషాలు కుర్చీలోనే. మడమ, వేళ్లు, మడమ, వేళ్లు అంటూ తాళం వేయాలి. తరవాత అసలు బలం వచ్చే పని: 'తకధిమి' అంటూ నాలుగు అక్షరాల్లో లేవడం, 'తకజొణు' అంటూ నాలుగు అక్షరాల్లో కూర్చోవడం. ధబ్బున కూలబడితే లెక్కలోకి రాదు. కూర్చునేటప్పుడు తొడ కండ నెమ్మదిగా వదలడమే సగం వ్యాయామం. ఐదుసార్లు, నిమిషం విరామం, మళ్లీ ఐదుసార్లు. చేతులు ఆనించకుండా లేవలేకపోతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచాలి. వారాలు గడిచేకొద్దీ దిండు పల్చబడాలి. కోలాటం ఒక్కటీ కండని పెంచదు, నిలకడని పెంచుతుంది. కండ పెంచేది ఈ లేవడం, కూర్చోవడమే, కాబట్టి పాటకీ పాటకీ మధ్య దీన్ని ఇరికించాలి.

నిలబడ్డాక మొదటి అడుగు. 'త' అన్నప్పుడు కుడికాలు పక్కకి, 'క' అన్నప్పుడు ఎడమకాలు దాని దగ్గరికి, 'ధి' అన్నప్పుడు మళ్లీ కుడికాలు పక్కకి, 'మి' అన్నప్పుడు ఎడమకాలు వేలు మాత్రం నేలకి ఆనించి చప్పట్లు. ఆ క్షణంలో బరువంతా కుడికాలి మీదే ఉంది. 'తకజొణు'కి అదే ఎడమవైపు. ఇందులో విలువైనది 'మి' దగ్గర ఆ ఒంటికాలి క్షణమే. చాలామంది తొందరలో అక్కడ రెండో పాదం పూర్తిగా మోపేస్తారు, అప్పుడు ఏ కాలు కదపాలో తికమక పడతారు. పక్కవాళ్ల అడుగు తప్పిందంటే నూటికి తొంభై పాళ్లు ఇక్కడే తప్పి ఉంటుంది.

వేగం నిమిషానికి 60 నుంచి 70 దెబ్బలతో మొదలు. నెల తరవాత 80, 90. ఆపైన తొందరేం లేదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడే బృందాల వీడియోలు చూసి అదే పాట పెట్టుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఆ పాటలు చివరికొచ్చేసరికి ద్రుతంలోకి, అంటే బాగా వేగంలోకి పోతాయి, అరవై దాటిన మోకాళ్లు వెనకబడి, తాళం అందుకోవడానికి మనిషి ముందుకి తూలుతాడు. ఫోన్లో పాటకన్నా ఒకరు కూర్చుని చేతితాళాలో డప్పో వాయించడం మేలు. వాయించేవాళ్లు అడుగుని చూసి ఆగగలరు, ఫోను ఆగలేదు. ఇంకో లాభం, ఒకరు పాడితే అందరూ అందుకునే పద్ధతిలో కోరస్ పల్చబడిందంటే ఊపిరి అందడం లేదని అర్థం. అక్కడే వేగం దించాలి.

రెండు వారాల తరవాత గుండ్రంగా. నాలుగు అడుగులు ముందుకి, నాలుగు వెనక్కి, తరవాత నాలుగు అడుగుల్లో వెనక్కి తిరగడం. పాదాన్ని నేలమీదే ఉంచి మెలితిప్పి తిరగకూడదు, మోకాలి మీద పడుతుంది. ప్రతి అడుగూ ఎత్తి వేయాలి. గుండ్రం ఒకే దిక్కుకి తిరిగితే తల తిరుగుతుంది కాబట్టి పల్లవికి ఒక దిక్కు, చరణానికి రెండో దిక్కు. బతుకమ్మలోలాగా వంగి చప్పట్లు కొట్టేటప్పుడు నడుం గుండ్రంగా వంచకుండా తుంటి, మోకాలు వంచి దిగాలి. ఎముకలు గుల్లబారిన వాళ్లకి వెన్నుపూస నలిగేది ఆ నడుం వంపులోనే.

నాలుగు అక్షరాలు ఒంటబట్టాక తిశ్రగతి, అంటే మూడు అక్షరాల నడక: 'తకిట తకిట'. ఇక్కడే అసలు తమాషా. వేలు ఆనించడం లేకుండా అడుగులు వరసగా వేస్తే నాలుగులో తాళం ప్రతి చుట్టూ ఒకే కాలితో మొదలవుతుంది. మూడులో మొదటిది కుడికాలితో అయితే రెండోది ఎడమకాలితో వస్తుంది, మూడోది మళ్లీ కుడి. బుర్ర కాసేపు మొరాయిస్తుంది, నవ్వులు వస్తాయి, తప్పులు దొర్లుతాయి. ఆ తప్పుల్ని సర్దుకోవడంలోనే మెదడూ కాలూ కలిసి పని నేర్చుకుంటాయి. తప్పులు పూర్తిగా పోయాయంటే కోపు మార్చే వేళ అయిందన్నమాట.

కోలలు ఆఖర్న. జానెడున్నర పొడవు, బొటనవేలు లావు, తేలికపాటి కర్ర. వేళ్ల కీళ్లు వాచినవాళ్లకి కోల చివర పాతగుడ్డ చుట్టి పట్టు లావు చేయాలి. మొదటి నెల పాత పేపర్లు చుట్టి దారం కట్టిన కోలలైతే తగిలినా నొప్పి ఉండదు. భుజం బిగుసుకున్నవాళ్లు ఛాతీ ఎత్తు దాటి లేపకూడదు.

ఎప్పుడు చేయాలి? సాయంత్రం 5 గంటలకి, తిన్న గంటకి. తెల్లవారి లేస్తూనే వద్దు, కీళ్లు బిగుసుకుని ఉంటాయి, కొందరికి బీపీ కూడా నిలకడగా ఉండదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ 3 నిమిషాలకి ఒకసారి చూడాలి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే నిలబడి చేసే అడుగులకన్నా ముందు డాక్టరు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు షుగర్ చూసుకోవాలి, 100 కంటే తక్కువుంటే ఒక అరటిపండు తిని పావుగంట ఆగాలి. ఏకాదశి, శనివారం ఒంటిపూటలు చేసేవాళ్లు ఆ రోజు కుర్చీతాళంతో ఆపేయాలి. భక్తికి లోటేం ఉండదు. రాత్రి లేవాల్సొస్తుందని మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేసే అలవాటు కూడా తల తిరగడానికి కారణం. నీళ్లూ మజ్జిగా సాయంత్రం 6 లోపల తాగేస్తే సరి.

మాంసకృత్తులు పెంచేముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఒకటి చేయించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతంలో ఇది మొదటి మెట్టు. కిడ్నీ దెబ్బతిని డయాలిసిస్ దాకా వెళ్లని వాళ్లకి పైన రాసిన కంచం వర్తించదు, వాళ్ల లెక్క కిడ్నీ డాక్టరే వేయాలి. ఇంకొకటి: పాదాలు మొద్దుబారి దూది మీద నడిచినట్టుందంటే దాన్ని వయసు మీదకి తోసేయొద్దు. మాంసం, గుడ్లు ముట్టనివాళ్లలో, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గి ఇలా అవుతుంది. పాదానికి నేల తెలియకపోతే ఎంత తాళం పట్టినా నిలకడ రాదు. బీ12తో పాటే విటమిన్ డి కూడా చూపించుకోవాలి. ఇల్లు కదలని పెద్దవాళ్లలో అది తక్కువగా ఉండటం మామూలే.

పని జరుగుతోందా లేదా అన్నది కొలిస్తే తెలుస్తుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచారో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల వయసులో ఆడవాళ్లు 10, మగవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే సగటుకి కింద ఉన్నట్టు. 80 నుంచి 84 ఏళ్లవాళ్లకి ఆ అంకెలు 9, 10. రెండోది: కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోడానికి 12 సెకన్లు గానీ ఆపైన గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. జపాన్‌లో పరికరం లేకుండా కండని చూసే పద్ధతి ఒకటుంది: రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి గాజులా చేసి పిక్క లావుగా ఉన్నచోట చుట్టాలి. వేళ్లు అందకపోతే మంచిది. అంది ఇంకా సందు మిగిలిందంటే కండ కరిగింది. వీటిని నెలకోసారి క్యాలెండర్ మీద రాసిపెట్టండి, బరువుతో పాటు. ఆరు నెలల్లో 60 కిలోల మనిషి తనంతట తాను 3 కిలోలు తగ్గితే 'సన్నబడ్డారు, మంచిదే' అని మెచ్చుకోవద్దు. పోయింది కొవ్వు కాకపోవచ్చు.

6 వారాలకి లేచే లెక్క రెండు మూడు పెరగకపోతే ముందు అడుగుల్ని అనుమానించకండి, కంచాన్ని మళ్లీ తూచండి. పప్పు గట్టిగా వండామంటారు, గరిటె మాత్రం పాతదే. పాలు ఇస్తున్నామంటారు, గ్లాసు 120 మిల్లీలీటర్లదే.

జ్వరమొచ్చో ఆసుపత్రిలో ఉండో పది రోజులు మంచం పట్టి లేచినవాళ్లని నేరుగా గుండ్రంలోకి దింపకూడదు. ఆ పది రోజుల్లో తొడ కండ చాలా పోతుంది, మనసుకి మాత్రం పాత కోపే గుర్తుంటుంది. మొదటి వారం కుర్చీతాళం, దిండు మీదనుంచి లేవడం, అంతే. నోటికి రుచి తెలియదు కాబట్టి పథ్యం పేరుతో చారన్నం పెట్టి వదిలేయకుండా, మిరియాలు వేసిన పెసరకట్టు, మెత్తటి గుడ్డు, పెరుగు రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. రెండో వారం కుర్చీ పట్టుకుని పక్కడుగు, నిమిషానికి 60 మీదే. చేతితాళాలు వాయించే పని మాత్రం మొదటి రోజే ఆ మనిషికే ఇవ్వండి.